ఎర్రగుడ్డలు కట్టిన డకోటా

1969 మే నెలలో నాకిచ్చిన డ్యూటీ ఆర్డరులో రెండే వాక్యాలున్నాయి. నర్మెట్ట దగ్గర ఎండిపోయిన చెరువులో దిగిన కంపెనీ డకోటా విమానానికి ఎడమ ఇంజను మార్చాలి. వానలు పడేలోపు అది తిరిగి బేగంపేటకు ఎగిరేటట్టు చూడాలి. అప్పుడు నేను బేగంపేటలో ఒక చార్టర్ కంపెనీలో, అంటే విమానాలను అద్దెకు తిప్పే కంపెనీలో, సీనియర్ మెకానిక్‌ని. నన్నే ఎంచుకోవడానికి కారణం నా అనుభవమని ఆర్డరులో రాశారు. అసలు కారణం వేరే. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది, రోడ్లకు అడ్డంగా రాళ్లున్నాయి, మా చీఫ్ ఇంజనీరు మూర్తి గారిది కోస్తా జిల్లా. నాది లింగాల ఘనపూర్. రాళ్లకు నా భాష అర్థమవుతుందని కంపెనీ నమ్మకం.

డకోటాను చూడని వాళ్లకు దాని వంశచరిత్ర కాస్త చెప్పాలి. అది మొదట గాలిలోకి లేచింది 1935లో. అమెరికాలో ధనవంతులు రాత్రంతా పడుకుని ప్రయాణం చేయడానికి మంచాలు వేసి తయారు చేశారు. యుద్ధం రాగానే మంచాలు తీసేసి, బల్లలు వేసి సైనికులను ఎక్కించారు. యుద్ధం అయిపోయాక వేల విమానాలు మిగిలిపోతే, చవగ్గా అమ్మేశారు. మన దేశంలో వాటిని కొని, బల్లలు పీకి మెత్తని సీట్లు వేసి, ప్రయాణికుల విమానం అని పేరు పెట్టారు. హైదరాబాదు దొరలూ నవాబులూ మొదటిసారి ఆకాశంలో వాంతి చేసుకున్నది ఇందులోనే. కొత్త విమానాలు వచ్చాక సీట్లు మళ్లీ పీకేశారు. తపాలా సంచులు, చేపపిల్లలు, కోడిపిల్లలు, వార్తాపత్రికల కట్టలు, ఇలా ఎవరు ఏది ఎక్కిస్తే అది మోసింది. మనిషికి రిటైర్మెంటు ఉంది, డకోటాకు లేదు.

మా డకోటా లాగ్‌బుక్కు, అంటే పుట్టిన నాటి నుంచి దానికి జరిగినవన్నీ రాసే పుస్తకం, నేను మొత్తం చదివాను. దాని కుడి రెక్క ఒక విమానానిది, తోక మరొక దానిది, ఇంజన్లు ఎన్నిసార్లు మారాయో రాసిన వాళ్లకే గుర్తు లేదు. ఆ రోజుల్లో సర్కారు నౌకరీకి స్థానికుడని ముల్కీ సర్టిఫికెట్టు చూపించమని గొడవ నడుస్తోంది. దీన్ని అడిగితే ఏ తాసీల్దారూ ఇవ్వలేకపోయేవాడు. కాకపోతే ఆ రోజుల్లో ఇవ్వకూడని వాళ్లకు ఇచ్చిన తాసీల్దార్లు కొందరున్నారు కనుక, ప్రయత్నిస్తే దొరికేదేమో.

ఆ వేసవిలో దాని పొట్టకు రంధ్రం కోసి, కెమెరా బిగించి, భూపాలపల్లి అడవుల మీద నేలను ఫోటోలు తీసే పనికి పంపారు. తిరిగి వస్తుండగా ఎడమ ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోయింది. కెప్టెన్ ఆ ఇంజను ఆపేసి, కింద ఎండిన చెరువు కనిపిస్తే అందులో దించాడు. మంచి పైలట్. విమానానికి ఒక్క గీత కూడా పడకుండా దించి, జనగామ వరకు ఎడ్లబండిలో వెళ్లి, నడుము పట్టేసిందని వారం సెలవు పెట్టాడు.

ఇక నా సంగతి. ఇంజనీరు లైసెన్సు పరీక్ష నేను పాసై మూడేళ్లయింది. కానీ లైసెన్సు ఉంటే చాలదు. విమానం ఎగరడానికి తగినదని మొదటి సంతకం పెట్టాలంటే కంపెనీ అధికార పత్రం కూడా ఇవ్వాలి. దానికి చీఫ్ ఇంజనీరు సిఫారసు చేయాలి. మూర్తి గారు మూడేళ్లుగా చేయలేదు. స్థానికుల్లో తగినవాళ్లు ఇంకా తయారు కాలేదని ఆయన రాసేవారు. పనిలో ఆయనకు సాటి లేదు. నడుస్తున్న ఇంజను శబ్దం విని పద్నాలుగు సిలిండర్లలో ఏది తప్పుతోందో చెప్పేవారు. నా మాట విన్నప్పుడు మాత్రం అందులో తప్పులే వినిపించేవి. "ఏమోయ్, ఇంజను గిట్ల జేస్తున్నదా?" అని నా యాసలో అడిగి, హ్యాంగరులో, అంటే విమానాల షెడ్డులో, పదిమందినీ నవ్వించేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ పత్రం నాకు కావాలి మరి. నాకంటే చిన్నవాళ్లు ముగ్గురు దాన్ని జేబులో వేసుకుని తిరుగుతుంటే కడుపు మండేది.

చెరువు దగ్గరకు వెళ్లేసరికి విమానం చుట్టూ జాతర. తోకవైపు వేలాడుతున్న ఎర్రగుడ్డలను ఇద్దరు పట్టి లాగుతున్నారు. ఆ గుడ్డలు అలంకారం కాదు. ఆగిన విమానం రెక్కలకూ తోకకూ వెనకంచున కదిలే పలకలుంటాయి. గాలికి కొట్టుకుని అవి విరిగిపోకుండా చెక్క పట్టీలు బిగిస్తాం. వాటిని కంట్రోల్ లాకులంటారు. ఎగిరే ముందు తీయడం మరచిపోతే పలక కదలదు, విమానం పైలట్ చేతిలో ఉండదు. మరచిపోకుండా ప్రతి లాకుకూ ఒక ఎర్రగుడ్డ కడతాం. ఎర్రగుడ్డ కనిపించిందంటే అక్కడ తీయాల్సింది ఒకటి ఉందని గుర్తు.

ఇదంతా అక్కడున్న వాళ్లకు చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. నేను చెప్పలేదు. వీళ్లకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. చెరువు కట్ట పక్కనే లంబాడీ తండా ఉంది, చూసేవాళ్లలో సగం మంది వాళ్లే. నేను భూములున్న ఇంటివాణ్ణి, పైగా లైసెన్సు ఉన్నవాణ్ణి. గొంతు పెంచి, "గివి ఇమానం మొక్కు గుడ్డలు. గుడ్డ గాని, దాని కింది కట్టె గాని ఎవ్వలన్న ముట్టిన్రనుకో, కండ్లు పోతయ్" అన్నాను. వెంటనే అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఎంత తెలివిగా పని జరిపించానో అని లోలోపల మురిసిపోయాను.

విమానానికి కాపలా తండావాళ్లకే అప్పగించాం. వాళ్లకు పెద్ద మంగ్లి, తండా నాయకుడి చెల్లెలు, నలభై ఏళ్లుంటాయి. ఇంట్లో తన భాష, మాతో తెలుగు. చెప్పిన పని చెప్పినట్టు చేసేది, చెప్పనిది చేసేది కాదు. నేను ఆ తరువాత చూసిన చాలామంది ఇన్‌స్పెక్టర్లకు ఈ రెండో గుణం లేదు.

ఇంజను వడపోత విప్పి చూస్తే నూనెలో చమ్కీపొడిలా లోహపు తునకలు మెరిశాయి. లోపల బేరింగు అరిగిపోయింది, ఇంజను మార్చక తప్పదు. దాని బదులు బిగించాల్సిన ఇంజను మద్రాసు వైపు నుంచి గూడ్సు బండిలో వస్తూ, రైళ్లు ఆపేయడంతో డోర్నకల్ దాటి మానుకోటలో ఆగిపోయింది. లారీ తీసుకుని నేనే వెళ్లాను. స్టేషనులో ఉద్యమ విద్యార్థులు ఇంజను పెట్టె చుట్టూ నిలబడ్డారు. విమానం ఇంజను అంటే నమ్మలేదు, తెరిచి చూపించమన్నారు. చూపించాను. రెండు వరుసల్లో గుండ్రంగా ఉన్న పద్నాలుగు సిలిండర్లను వేలు పెట్టి లెక్కపెట్టారు. తరువాత వాళ్ల నాయకుడు, "గిది ఆంధ్రోళ్లదా అన్నా?" అని అడిగాడు. అమెరికావాళ్లదని చెప్పాను. అమెరికాతో తమకు ప్రస్తుతానికి పంచాయితీ లేదని నిర్ణయించి, పెట్టె మీద సుద్దతో జై తెలంగాణ అని రాసి వదిలిపెట్టారు. ఆ సుద్దరాత నర్మెట్ట వరకు ఏ కలెక్టరు పాసూ పనిచేయనంతగా పనిచేసింది.

ఇంజను బరువు ఆరు క్వింటాళ్ల పైమాటే. క్రేను లేదు. మూడు తాటి దూలాలను పైన కలిపి కట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి, పాతది దించి కొత్తది ఎక్కించాం. తాళ్లు పట్టింది తండావాళ్లే. ఇంజను అంగుళం అంగుళంగా కదలాలి, బోల్టు రంధ్రాలు కలవాలి. మోటబావుల దగ్గర చేయి తిరిగిన వాళ్లు కనుక ఆపమన్నచోట ఆపేవారు. పైపులు, తీగలు, ఇంజనును నడిపే లీవర్ల కేబుళ్లు ఒక్కొక్కటి కలుపుకుంటూ వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. ఈలోపు ఊరి పటేలు వచ్చి తమ నిర్ణయం చెప్పాడు. "మిరుగం వానకు తూము మూస్తం. నీళ్లు ఆగుతయ్. మీ ఇమానం ఈతకొడ్తదో ఎగుర్తదో మీ ఇష్టం." మృగశిర కార్తెను వాళ్లు మిరుగం అంటారు. అంటే జూన్ రెండో వారం. ఆయన మాటలో తప్పులేదు. ఊరి వరి పంట ఆ నీళ్ల మీదే ఉంది.

ఆ మూడు వారాల్లో ఇంకొకటి కూడా జరిగింది, నేను నవ్వుకుంటూ చూశాను తప్ప ఆపలేదు. విమానానికి ఎర్రగుడ్డలు పెరిగాయి. దానికి మొక్కులు చెల్లుతున్నాయని నేనే చెప్పాను కదా, జనం కూడా మొక్కుకోవడం మొదలుపెట్టారు. బర్రె ఈనాలని ఒకరు, జ్వరం తగ్గాలని ఒకరు, బొంబాయి పనికి పోయినవాడు తిరిగి రావాలని ఒకరు. జనగామ నుంచి సైకిళ్ల మీద వచ్చిన కాలేజీ పిల్లలు రాష్ట్రం రావాలని ఆరు గుడ్డలు కట్టారు. డకోటా ముక్కు ఎత్తుకుని, తోక నేలకు ఆన్చి కూర్చుంటుంది. చేతికి అందేది తోకే. కాబట్టి తోక పలక దగ్గర గుడ్డలు గుత్తులుగా వేలాడాయి. డకోటా అంతా దేవుడైపోయింది.

మిరుగం దగ్గరపడుతుండగా ఒక ఉదయం, ముందు పోలీసు వ్యానుతో, మూర్తి గారు జీపులో దిగారు. వెంట కెప్టెన్, కో-పైలట్. ఉత్తరాన మబ్బు నల్లగా దిగుతోంది. మూర్తి గారు విమానాన్ని చూసి, "ఏమిటోయ్ ఇది, విమానమా, జాతర బండా?" అన్నారు. నేను ఎడమ ఇంజను కింద నిచ్చెన మీద చివరి మూతలు బిగిస్తున్నాను. కో-పైలట్ చుట్టూ తిరిగి, తనకు కనిపించిన లాకులు తీసి సంచిలో పడేశాడు. సంచిలో విరిగినవీ పాతవీ కూడా ఉండేవి కనుక లెక్క ఎప్పుడూ అవసరమైన దానికంటే ఎక్కువే వచ్చేది. అందుకని దాన్ని ఎవరూ లెక్కపెట్టేవారు కాదు.

తరువాత మూర్తి గారు తండావాళ్లను పిలిచి, ఒక్క ఎర్రగుడ్డ కూడా కనిపించకూడదని, పది నిమిషాల్లో మొత్తం విప్పేయాలని ఆజ్ఞ ఇచ్చారు. వాళ్లు విప్పారు. వాళ్లవీ, మావీ, అన్నీ. పది నిమిషాలు కూడా పట్టలేదు. మూర్తి గారు జీపు దగ్గర నుంచే విమానాన్ని ఒకసారి చూశారు. ఎక్కడా ఎరుపు లేదు. మా వృత్తిలో కన్ను ఎరుపు కోసం వెతకడానికే అలవాటు పడుతుంది. ఎరుపు లేకపోతే అంతా సవ్యమే.

కంట్రోళ్ల, అంటే ఆ కదిలే పలకల, తనిఖీకి రెండు సంతకాలు కావాలని నియమం. ఒకరు చూసింది ఇంకొకరు విడిగా చూడాలి. రెండో సంతకానికి లైసెన్సు ఉంటే చాలు, అది నాకుంది. మూర్తి గారు జీపు బానెట్టు మీద ఫారం పరిచి సంతకం చేసి, పెన్ను నాకిచ్చారు. తోకవైపు ఇంకా చూడలేదు, చూసి వస్తానన్నాను. ఆయన మబ్బు వైపు చూపించి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా అన్నారు: "నేను చూశానయ్యా. నా చూపు మీద నీకు నమ్మకం లేకపోతే, నీ పత్రం మీద నేనెలా సంతకం పెట్టమంటావు?"

ఇలాంటిచోట జ్ఞాపకాలు రాసేవాళ్లు తాము పెన్ను విసిరికొట్టామని రాస్తారు. నేను విసరలేదు. మూడేళ్లు ఎదురుచూసిన పత్రం ఇంకో రెండు అంగుళాల దూరంలో కనిపించింది. పెన్ను కాగితం మీద ఆన్చాను. పైలట్ ఎగిరే ముందు కంట్రోళ్లు కదిపి చూసుకుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను కూడా. పైలట్ చూడాలి, నిజమే. ఇంజనీర్లు చూసే ఉంటారులే అని పైలట్లు కూడా సరిగ్గా అలాగే చెప్పుకుంటారు.

అప్పుడే మంగ్లి దగ్గరకు వచ్చింది. విప్పిన గుడ్డలు రెండు చేతుల నిండా ఉన్నాయి. మూర్తి గారిని కాదు, నన్ను అడిగింది.

"సారు, గుడ్డలన్ని ఇప్పినం. తోకకున్న కట్టె గట్లనే ఉన్నది. గది గూడ ఎగురుతదా?"

ఏ కట్టె అని అడిగాను.

"పెద్దసారు గుడ్డలే ఇప్పమన్నడు. కట్టె సంగతి చెప్పలే. ముడితె కండ్లు పోతయని నువ్వే అంటివి గద."

పెన్ను అక్కడే పెట్టి పరుగెత్తాను. తోక పలకకూ దాని ముందరి స్థిరమైన భాగానికీ కలిపి బిగించిన చెక్క పట్టీ అలాగే ఉంది. రంగు ఎప్పుడో వెలిసిపోయింది, గుడ్డ లేకపోయేసరికి విమానంలో భాగంలాగే కనిపిస్తోంది. గుడ్డల గుత్తి కింద ఉండటం వల్ల కో-పైలట్‌కు కనిపించలేదు. గుడ్డలు పోయాక మూర్తి గారికీ కనిపించలేదు. చూడనివాణ్ణి కాబట్టి నాకెలాగూ కనిపించేది కాదు. సిగ్గు వేసింది, ఎందుకంటే ఆ కట్టెను ఎవరూ ముట్టకుండా కాపాడింది నేను చెప్పిన అబద్ధమే. హ్యాంగరులో మూర్తి గారు నన్ను ఏ చూపు చూసేవారో, చెరువులో నేను వీళ్లను అదే చూపు చూశాను.

మూర్తి గారు నా వెనకే వచ్చారు. పట్టీ తన చేతులతోనే విప్పి, జీపులో సీటు కింద పెట్టారు. ఆ తరువాత చొక్కా చేతులు మడిచి విమానం చుట్టూ మొత్తం తిరిగారు, ప్రతి పలకనూ చేత్తో కదిపి చూశారు. నేను ఆయన వెనక మళ్లీ చూశాను. అప్పుడు సంతకం పెట్టాను. కెప్టెన్‌కు ఈ విషయం చెప్పలేదు. కింది సిలిండర్లలోకి దిగిన నూనె బయటికి పోవడానికి ప్రొపెల్లర్లను తండావాళ్లు చేతులతో తిప్పారు, ఇంజన్లు అందుకున్నాయి. ఇద్దరు పైలట్లు, తక్కువ పెట్రోలు, ఖాళీ పొట్ట. కట్టకు ఇంకా చాలా దూరం ఉండగానే విమానం నేల వదిలింది. మర్నాడే వాన పడింది, ఊరివాళ్లు తూము మూశారు.

చూసిన పోలీసుల ద్వారా సంగతి కంపెనీకి చేరి, వారం తరువాత బేగంపేట ఆఫీసులో రిపోర్టు తయారైంది. మూర్తి గారే రాశారు. స్థానిక గిరిజనుల మూఢాచారం వల్ల హెచ్చరిక గుర్తులు తెలియకుండా పోయాయని, ఇంజనీరింగు సిబ్బంది అప్రమత్తత వల్ల ప్రమాదం తప్పిందని అందులో ఉంది. మొక్కు కథ ఎవరు పుట్టించారో లేదు. గుడ్డలన్నీ విప్పమని ఎవరు ఆజ్ఞ ఇచ్చారో లేదు. కట్టె ఉందని వచ్చి చెప్పిన మనిషి అసలే లేదు. కింద రెండు సంతకాలకు చోటు ఉంది, ఒకటి అప్పటికే నిండింది. బల్ల మీద దాని పక్కనే నా అధికార పత్రానికి సిఫారసు లేఖ టైపు చేసి ఉంది, సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. మూర్తి గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన బెదిరించలేదు, బతిమాలలేదు. నేను రిపోర్టు రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

పదిహేను రోజుల్లో పత్రం వచ్చింది. స్థానికుడికి న్యాయం జరిగిందని ఉద్యమంలో ఉన్న మా హ్యాంగరు మిత్రులు నాకు దండ వేశారు. నేను తల వంచి వేయించుకున్నాను. నర్మెట్ట వైపు మాత్రం మళ్లీ పోలేదు. లింగాల ఘనపూర్ నుంచి అదేమంత దూరం కాకపోయినా, ఏదో ఒక పని అడ్డం వచ్చేది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నా సంతకంతోనే విమానాలు ఎగిరాయి. శిక్షణకు వచ్చినవాళ్లకు ఈ డకోటా సంగతి చెప్పి, లాకు ఎందుకని అడిగినవాడు ఎవరైనా సరే ఎందుకో చెప్పండి, కథలు చెప్పొద్దు అనేవాణ్ణి. రెండో సంతకం ఉన్నది మొదటి సంతకాన్ని నమ్మకపోవడానికే అనేవాణ్ణి. వాళ్లు రాసుకునేవారు. రిపోర్టు సంగతి వాళ్లకు చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. చెరువులో చూడకుండా సంతకం పెట్టి ఉంటే అది పొరపాటు అయ్యేది. బేగంపేటలో అన్నీ చూసి, చదివి, తెలిసి పెట్టాను. దానికి పొరపాటు అనే పేరు కూడా దొరకదు.